దుబ్బులో దరువు

వరి చేలో అక్కడక్కడ గుండ్రంగా ఎండిన మచ్చలు కనిపిస్తే రైతు గుండె గుభేలుమంటుంది. సుడిదోమ పడిందన్నమాట. వంగి దుబ్బును పాయ తీసి చూస్తే మొదలు దగ్గర, నీటికి కాస్త పైన, గోధుమరంగు పురుగులు గుంపుగా చేరి రసం పీలుస్తుంటాయి. కంటికి ఆనుతాయి గానీ చెవికి మాత్రం ఏమీ వినిపించదు. అయినా ఆ పిలకల్లో పిలుపులూ బదులు పిలుపులూ నడుస్తూనే ఉంటాయి.

జతకు సిద్ధమైన ఆడ సుడిదోమ పిలకను కాళ్ళతో పట్టుకుని పొట్టను పైకీ కిందికీ గబగబా ఆడిస్తుంది. ఆ ఊపు కాళ్ళ గుండా కాండంలోకి దిగి మొక్కంతా పాకుతుంది. అదే మొక్క మీదున్న మగది కాళ్ళతోనే దాన్ని పసిగట్టి, తన దరువు తాను వేసి, కాసేపు నడిచి, ఆగి, మళ్ళీ వేస్తుంది. ఆడది బదులిస్తున్నంతసేపూ ఈ వెతుకులాట సాగుతుంది. రెండు దుబ్బుల ఆకులు తగులుతుంటే పిలుపు పక్క దుబ్బుకూ చేరుతుంది. ఈ పిలుపు మొక్క గుండానే వెళుతుందని 1974లో జపాన్ పరిశోధకులు ఇచికావా, ఇషీ ప్రకటించారు.

గాలిలోకే అరవొచ్చు కదా? ఒళ్ళు చాలదు. సెకనుకు 200 కంపనాల ధ్వనికి గాలిలో తరంగదైర్ఘ్యం సుమారు 1.7 మీటర్లు. సుడిదోమ పొడవు 4 మిల్లీమీటర్లు. ఇంత చిన్న ఒంటితో అంత పెద్ద అలను గాలిలోకి నెట్టడం వృథా శ్రమ. కాండంలోనైతే తక్కువ శక్తితోనే అల సాగిపోతుంది. ఎండాకాలం చెట్టెక్కి చెవులు చిల్లులు పడేలా రొద చేసే సికాడాలు సుడిదోమకు చుట్టాలే, కాకపోతే ఒళ్ళు పెద్దవి. చుట్టరికంలో ఎక్కువమంది మాత్రం మొక్కనే నమ్ముకున్నారు.

ఈ రహస్యం వినడానికి మొదట్లో పెద్ద పరికరాలేమీ లేవు. స్వీడన్ కీటక శాస్త్రవేత్త ఫ్రేయ్ ఓసియానిల్సన్ గాజుగొట్టంలో గడ్డిపరకతో పాటు పురుగును పెట్టి చెవికి ఆనించుకుని విన్నాడు. ఆయన పుస్తకం 1949లో వచ్చింది. ఇప్పుడు ఆకును తాకకుండానే దాని కదలికను కొలిచే లేజర్ పరికరాలున్నాయి. ఆ కదలికను స్పీకరుకు కలిపితే, మద్దెల మీద వేళ్ళు ఆడించినట్టు మనకూ వినిపిస్తుంది.

దరువు జాతికో తీరు. వేల్స్‌లోని కార్డిఫ్‌కు చెందిన మైఖేల్ క్లారిడ్జ్ బృందం 1980ల్లో ఆసియా, ఆస్ట్రేలియా సుడిదోమలను పోల్చింది. చూపుకు అన్నీ ఒక్కటే, దరువు వేగం మాత్రం వేరు. వరి మీద బతికేవాటికీ, తడినేలల్లో పెరిగే లీర్సియా అనే గడ్డి మీద బతికేవాటికీ కూడా అలాగే తేడా కనిపించింది. పక్కపక్కనే ఉన్నా వాటి మధ్య పొత్తు కుదిరేది తక్కువ.

పిలుపు ఎటునుంచి వస్తోందో తెలుసుకోవడం ఇంకో చిక్కు. ఆకుపచ్చ కంపునల్లి మగది కొమ్మ చీలిన చోట ఆగి, ఒక పక్క కాళ్ళు ఒక పాయ మీద, మరో పక్క కాళ్ళు రెండో పాయ మీద వేస్తుంది. ఏ కాలు ముందు అదిరితే అటు కదులుతుంది. స్లొవేనియా పరిశోధకులు దీన్ని ఓపిగ్గా గమనించారు. చాటుగా వినేవాళ్ళూ లేకపోలేదు. కొన్ని సాలీళ్ళు సుడిదోమకు చుట్టాలైన దీపపు పురుగుల దరువును పట్టుకునే వాటి దగ్గరికి చేరతాయి.

తల్లిని పిలిచే దరువులూ ఉన్నాయి. ముల్లులా కనిపించే అంబోనియా అనే అమెరికా పురుగు పిల్లలు కొమ్మ మీద గుంపుగా ఉంటాయి. కందిరీగ లాంటి శత్రువు వాలితే అవన్నీ ఒక్కసారిగా కొమ్మను అదిరిస్తాయి, తల్లి పరుగున వచ్చి రెక్కలు ఊపి, కాళ్ళతో తన్ని తరిమేస్తుంది. రెక్స్ కోక్రాఫ్ట్ దీన్ని 1996లో వెల్లడించాడు. ఒక్క పిల్ల గోలకు కాదు, గుంపంతా కలిసి అదిరిస్తేనే తల్లి కదలడం ఎక్కువ. ఈ రంగంలో ఇంత ముచ్చటైన ఉదాహరణ మరోటి దొరకదేమో.

మనిషికి దీంతో పనేమిటంటే, ఇటలీ ద్రాక్షతోటల వైపు చూడాలి. ఉత్తర అమెరికా నుంచి యూరప్ చేరిన స్కాఫోయిడియస్ అనే దీపపు పురుగు ద్రాక్షకు పసుపు తెగులు అంటిస్తుంది. పోటీ మగది జత మధ్యలో దూరి, ఆడదాని బదులు వినపడకుండా ఒక రకం గోల చేస్తుంది. వాలెరియో మజ్జోని బృందం ఆ గోలనే రికార్డు చేసి, తీగలు పాకించే ఇనుప తీగకు చిన్న కంపన యంత్రాలు బిగించి, తోటంతా వినిపించింది. జతకట్టడం బాగా తగ్గింది, పురుగుమందు చుక్క పడకుండానే.

అలాగని అదే యంత్రం తెచ్చి వరిలో పెడితే సరిపోదు. ద్రాక్ష వరుసలో మొక్కలన్నిటినీ కలిపే ఇనుప తీగ ఉంది. వరిలో దుబ్బు దేనికది. ఆకులు తగిలిన చోట పక్క దుబ్బుకు చేరినా, కంపనాన్ని చేనంతా చేరవేసే దారి లేదు, ఎకరానికి ఎన్ని యంత్రాలని పెడతారు? అందుకే మన అధికారులు ఇప్పటికీ ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట తీయమనీ, నీళ్ళు తీసి చేను ఆరబెట్టమనీ, నత్రజని తగ్గించమనీ చెబుతున్నారు.