వేలిముద్ర ఎందుకు పడదు?

రేషన్ దుకాణంలో కాటా పక్కన ఉండే ఈ-పోస్ యంత్రం నిజానికి ఒక చేతి కంప్యూటర్. చిన్న తెర, మీటలు, రసీదు కాగితపు చుట్ట, లోపల సిమ్ కార్డు, వేలు పెట్టడానికి అంగుళమంత అద్దపు పలక. ఆంధ్రప్రదేశ్ చౌకధరల దుకాణాలకు ఇవి 2015లో వచ్చాయి. ముందుగా అమలైన జిల్లాల్లో కృష్ణా ఒకటి. 2021 జనవరి 21న విజయవాడ బెంజ్ సర్కిల్‌లో జెండా ఊపి పంపిన ఇంటింటి రేషన్ బండ్లలోనూ ఈ యంత్రాలే తిరిగాయి. 2025 జూన్ 1 నుంచి బండ్లు ఆగిపోయి సరుకులు మళ్లీ దుకాణాలకు చేరాయి. వేలిముద్ర మాత్రం అలాగే ఉంది. పింఛను దగ్గరా, ఊళ్లో బ్యాంకు ప్రతినిధిగా ఉండే బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసుకునేటప్పుడూ అదే అద్దం, అదే వేలు.

డీలర్ కార్డు నంబరు కొట్టగానే తెర మీద ఆ ఇంటివాళ్ల పేర్లు వస్తాయి. వచ్చిన మనిషి పేరు నొక్కి, అద్దం మీద వేలు పెట్టిస్తారు. యంత్రం ముద్రను చిత్రంగా తీసి, దాన్ని రహస్య సంకేతాల్లోకి మార్చి, మొబైల్ నెట్‌వర్క్ మీదుగా ఆధార్ సంస్థ కేంద్ర భాండాగారానికి పంపుతుంది. అక్కడ కోట్లమంది ముద్రల్లో వెతుకులాటేమీ జరగదు. ఆ ఒక్క ఆధార్ నంబరు కింద దాచిన ముద్రతో మాత్రమే పోల్చి, అవును అనో కాదు అనో జవాబిస్తుంది. ‘అవును’ రాకపోవడానికి సిగ్నల్ కారణం కావచ్చు, వేలు కారణం కావచ్చు. దుకాణం దగ్గర రెండింటినీ ‘పడలేదు’ అనే అంటారు. కానీ మొదటిదానికి కాసేపు ఆగితే చాలు. రెండోదానికి ఎంతసేపు ఆగినా లాభం లేదు.

వేలి కొస చర్మం వరి మడిలాంటిది: సన్నటి గట్లు, వాటి మధ్య పల్లాలు. ఒక గట్టుకూ పక్క గట్టుకూ ఎడం అర మిల్లీమీటరు. తల్లి కడుపులో మూడు, నాలుగు నెలలప్పుడు ఏర్పడిన ఈ అమరిక జీవితాంతం మారదు. గట్టు ఎక్కడ తెగింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న గుర్తులే మనిషిని పట్టిచ్చేవి. వేలిముద్రలను గుర్తింపుకు వాడే పద్ధతి ఈ దేశంలోనే మొదలైందనవచ్చు. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక గుత్తేదారు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది. ముద్రలను వర్గీకరించే పద్ధతిని తీర్చిదిద్దినవాళ్లలో అక్కడ పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ఉన్నారు.

సిరా వేలిముద్రను మనిషి చూసేవాడు. ఇప్పుడు చూసేది కాంతి. చాలా యంత్రాల్లో అద్దం కింద ఒక పట్టకం, దానికి పక్కన చిన్న ఎల్‌ఈడీ దీపం ఉంటాయి. గాజులోంచి గాలిలోకి వెళ్లబోయే కాంతి సుమారు 42 డిగ్రీలకన్నా ఏటవాలుగా వస్తే బయటపడలేదు, మొత్తం వెనక్కి తిరుగుతుంది. వేలు ఆనించినప్పుడు పల్లాల్లో గాలి ఉంటుంది కాబట్టి అక్కడి కాంతి పూర్తిగా తిరిగొచ్చి కెమెరాకు తెల్లగా కనిపిస్తుంది. గట్టు అద్దానికి అంటుకున్నచోట కాంతి చర్మంలోకి పోయి నల్లటి గీత పడుతుంది. కెమెరా అంగుళానికి 500 చుక్కల చొప్పున ఆ నలుపు తెలుపులను నమోదు చేస్తుంది.

చిక్కంతా ఆ ‘అంటుకోవడం’లో ఉంది. వేలు మరీ పొడిగా ఉంటే గట్టుకూ గాజుకూ మధ్య గాలి పొర మిగిలిపోతుంది. గీత ముక్కలుముక్కలుగా కనపడుతుంది. ప్రతి ముక్క కొసనూ యంత్రం గట్టు తెగినచోటుగా లెక్కేసి, లేని గుర్తులను పుట్టిస్తుంది. తడిగా ఉంటే ఇందుకు తలకిందులు. నీళ్లు పల్లాలను నింపేస్తాయి. గాజు, నీరు కలిసినచోట ఆ 42 డిగ్రీల హద్దు 60 డిగ్రీలు దాటుతుంది. దాంతో వెనక్కి తిరగాల్సిన కాంతీ బయటికి పోయి, ముద్రంతా ఒకే నల్లటి మరకవుతుంది.

కృష్ణా డెల్టాలో చేతులు ఈ రెండు కొసల మధ్యే బతుకుతాయి. నాట్ల రోజుల్లో పొద్దుటి నుంచి బురదనీళ్లలో ఉన్న వేళ్లు ముడతలు పడతాయి. చర్మం నీరు పీల్చి ఉబ్బడం వల్లే అలా అవుతుందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం నరాలు. కాసేపు తడిలో ఉంటే అవి వేలి కొసలోని రక్తనాళాలను కుదిస్తాయి, లోపలి కండ తగ్గి పైచర్మం ముడుచుకుంటుంది. నరం దెబ్బతిన్న వేలు ఎంత నానినా ముడతపడదని 1930లలోనే వైద్యులు గమనించారు. ఆ ముడతలు గట్ల వరుసలను అటూ ఇటూ జరిపేస్తాయి. ఇక కోతలొస్తే మరో బాధ. వరి నేలలోంచి సిలికాను పీల్చి ఆకుల్లో, గడ్డిలో, ఊకలో దాచుకునే పైరు. ఇసుకలో ఉండేదీ ఇదే పదార్థం. కొడవలి పట్టి పనలు వేసే చేతిని అది రోజంతా రాస్తూనే ఉంటుంది. తర్వాత మినుము తీత. కైకలూరు వైపు చేపల పట్టుబడులప్పుడు ఐసు పెట్టెలు మోసే చేతులు, విజయవాడలో సిమెంటు కలిపే చేతులు కూడా ఇంతే. సిమెంటులోని క్షారం గట్లను తినేస్తుంది. వయసు పైబడేకొద్దీ చెమట తగ్గుతుంది, చర్మం బిగువు సడలుతుంది, గట్లు అణుగుతాయి. అంటే బియ్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల వేలే యంత్రానికి తక్కువ కనపడుతుంది. ఇది ఆ మనిషి లోపం కాదు. అరగని, మెత్తటి చేతిని దృష్టిలో పెట్టుకుని చేసిన సాధనం లోపం.

ముద్ర పడనప్పుడు ముసలామె వేలిని నుదుటికో జుట్టుకో రుద్దుకుని మళ్లీ పెట్టడం, డీలర్ దాని మీద తన వేలుంచి అదమడం ప్రతి నెలా కనిపించే దృశ్యం. ఆ రుద్దడంలో శాస్త్రం ఉంది. వేలి కొసల్లో చెమట గ్రంథులే తప్ప నూనె గ్రంథులు లేవు. నుదుటి మీద ఉన్నాయి. ఆ కాస్త జిడ్డు గాలి పొరను పూడ్చి గట్టును గాజుకు అంటిస్తుంది. అయితే ఇది పొడి వేలికే మందు. తడి వేలిని గుడ్డతో తుడవాలి. గట్టిగా అదిమితే గట్లు చదునై పక్కపక్కవి కలిసిపోతాయి. అద్దం మీద ముందువాళ్లు వదిలిన జిడ్డును తుడవకపోతే కొత్త ముద్ర మీద పాతది నీడలా పడుతుంది. అందుకే మెత్తటి నూలుగుడ్డ ఒకటి యంత్రం పక్కన ఉండాలి.

పోలిక ఎంత కుదిరితే ‘అవును’ అనాలన్న గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదు. సడలిస్తే దొంగ లోపలికి వస్తాడు, బిగిస్తే అసలు మనిషి బయట నిలబడతాడు. దొంగల భయం ఉత్తదేమీ కాదు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రల నుంచి రబ్బరు నకళ్లు తయారుచేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన కేసు 2018లో తెలంగాణలో బయటపడింది. 2023లో ఆధార్ సంస్థ గట్ల గుర్తులతోపాటు వేలి పూర్తి చిత్రాన్నీ పరిశీలించి, పెట్టింది ప్రాణమున్న వేలో కాదో తేల్చే పద్ధతి తెచ్చింది.

వేలు పనిచేయనివారికి కన్ను ఉంది. కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయమే ఐరిస్. దాని నేతను పరారుణ కాంతిలో ఫొటో తీస్తారు. కొడవలి, సిమెంటు దాని జోలికి పోలేవు. శుక్లం పుట్టేది ఐరిస్ వెనకున్న కటకంలో కాబట్టి సాధారణంగా అడ్డం కాదు. ఆపరేషన్ తర్వాత మాత్రం ఒక్కోసారి వలయం ఆకారం కొద్దిగా మారుతుంది. ఎండలోనూ పరారుణం ఉంటుంది కనుక ఐరిస్‌ను నీడన తీయడం మేలు.

ఏదీ కుదరకపోయినా సరుకులు ఆపకూడదు. ఆధార్ ధ్రువీకరణ కుదరలేదన్న కారణంతో అర్హులకు రేషన్ నిరాకరించరాదని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరు 24న రాష్ట్రాలకు స్పష్టంగా రాసింది. ఈ సంగతి వరుసలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తెలియాలి.

ఆధార్‌లో ముద్రలు తాజా చేయించుకోవడానికీ ఒక అదను ఉంది. అరిగేది పైచర్మమే. గట్ల నమూనా దాని కింది పొరలో భద్రంగా ఉంటుంది, దాదాపు నెలరోజుల్లో కొత్త చర్మం అదే నమూనాతో పైకొస్తుంది. కోతలు, మినుము తీత అయ్యాక నెలరోజులు ఆగి ఆధార్ కేంద్రానికి వెళ్తే ముద్రలు స్పష్టంగా పడే అవకాశం ఎక్కువ. పదివేళ్లతోపాటు రెండు కళ్ల ఐరిస్ కూడా అప్పుడే కొత్తగా తీస్తారు.