లో ఓల్టేజీలో మోటారు ఎందుకు కాలుతుంది?

ఓల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు, భాగిస్తే ఓమ్‌లు (నిరోధం). 230 ఓల్టుల మీద 2 ఆంపియర్లు లాగే ఇస్త్రీపెట్టె 460 వాట్లు, నిరోధం 115 ఓమ్‌లు. ఓల్టేజీ తగ్గితే అది తక్కువే లాగుతుంది. మోటారూ అంతేలే అనుకుంటారు చాలామంది. కాదు. తోడాల్సిన నీళ్లు తగ్గవు కదా, అందుకని ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది.

5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు 415 ఓల్టుల దగ్గర సుమారు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది. 330కి పడితే 9.4 దాకా పోతుంది. వైండింగులో వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఎనామిల్ ఎన్నాళ్లు ఆగుతుంది?

స్టార్టరు రిలేను మోటారు పలక మీదున్న ఆంపియర్లకే పెట్టించండి. చేను ఎండుతుంటే మనసు ఆగదు, నిజమే. అయినా మాటిమాటికీ ట్రిప్పవుతోందని రిలే తీసేసి డైరెక్టు ఇవ్వకండి. మీటరు 350 దిగువన చూపిస్తే మోటారు ఆపేయండి. రీవైండింగుకు పోతే డబ్బుతోపాటు రెండు తడులూ పోతాయి.