నేలలో నీటి నడక

ఇసుకలోకన్నా నల్లరేగడిలోనే ఖాళీ ఎక్కువ. ఇసుకలో ఖాళీ దాదాపు 40 శాతమైతే, బంకమట్టిలో సగం దాటవచ్చు. అయినా నీరు ఇసుకలో చకచకా దిగుతుంది, రేగడిలో నత్తనడక నడుస్తుంది. బంకమట్టి సందులు అంత సన్నం మరి.

ఇసుక గుండా నీరు ఎంత వేగంగా పోతుందో కొలిచి సూత్రం కట్టినవాడు హెన్రీ డార్సీ. ఫ్రాన్సులోని దిజోన్ నగరానికి మంచినీళ్లు తెచ్చిన ఇంజనీరు. ఆ సూత్రాన్ని 1856లో తన పుస్తకం చివర అనుబంధంలో పెట్టాడు. భూగర్భజలాల లెక్కలకు నేటికీ అదే పునాది!

ఎండాకాలం రేగడి నెర్రెలిస్తుంది. తొలకరి వాన ఆ నెర్రెల్లోంచి నేరుగా లోతుకు దిగిపోతుంది. నాలుగు వానలు పడి మన్ను ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక, నీరు గంటకు ఒక మిల్లీమీటరు కూడా ఇంకకపోవచ్చు. తొలివానను మింగేసిన చేనే శ్రావణంలో మడుగు కట్టేది ఇందుకే.

ఎర్ర చల్కల కథ వేరు. పెద్ద చినుకు సెకనుకు 9 మీటర్ల దాకా వేగంతో నేలను కొడుతుంది. మట్టి పలుకులు చితికి, సన్నటి రేణువులు పైసందుల్లో కూరుకుపోతాయి. వాన వెలిసి ఎండ కాశాక ఆ చేలో వేలితో గీరి చూడండి: పైన నున్నటి గట్టి పెచ్చు లేస్తుంది, దాని కింద మన్ను గుల్లగా ఉంటుంది. తర్వాతి వానకు ఆ పెచ్చు మీదే నీరు జారిపోతుంది, మంచి మన్నునూ వెంట తీసుకుపోతుంది. ఎంత నష్టం! మోళ్లో, ఎండుటాకులో నేలను కప్పి ఉంచితే చినుకు దెబ్బ వాటి మీదే ఆగుతుంది.

వరి మడిలో మాత్రం రైతు కావాలనే సందులు పూడుస్తాడు. దమ్ము చేయడమంటే అదే.

కుండీ అడుగున కంకర పరిస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్మకం. జరిగేది తలకిందులు. పైనున్న సన్నమట్టి నీటిని పట్టి ఉంచుతుంది, దాదాపు నిండితేగానీ కంకర సందుల్లోకి వదలదు. కంకర పోసినంత మేర, ఆ చిత్తడి వేళ్ల దగ్గరికి జరుగుతుంది. మట్టి గుల్లగా ఉండి, కుండీకి చిల్లుంటే చాలు.

మొక్క వాడిందంటే నేలలో నీరు అయిపోయిందని కాదు. రేగడిలో అప్పటికీ బోలెడు తడి మిగిలే ఉంటుంది, వేళ్లు లాగలేనంత బిగువుగా. ఎండిన చేలపై చిన్న జల్లు కురిస్తే, చల్కలో పైరు ముందుగా తేరుకుంటుంది. రేగడిలో ఆ కాస్త నీటినీ మట్టే పట్టేసుకుంటుంది.