ఓల్డ్ సిటీ గల్లీలో డెలివరీ ఎందుకు తప్పిపోతుంది? హైరార్కికల్ ఇండెక్స్ అంటే ఏంటి?

చార్మినార్ పక్క గల్లీల్లో ఫోన్ ఆర్డర్ చేసినవాళ్లకి ఈ కాల్ బాగా తెలుసు: “భాయ్, మసీదు దగ్గరున్నా, ఇప్పుడు ఎటు రావాలి?” అడ్రస్‌లో 500002 అని పిన్ కోడ్ ఉంటుంది. కానీ ఆ ఒక్క నంబర్ కింద వేల ఇళ్లు. కేస్ కవర్ లేటైతే పర్లేదు, అంబులెన్స్ తిరుగుతుంటే మాత్రం కష్టం.

అసలు ఏంటిది?

పెద్ద లిస్టును భాగాలుగా, ఆ భాగాల్ని మళ్లీ చిన్న భాగాలుగా విడగొట్టి ఉంచితే అది హైరార్కికల్ ఇండెక్స్. కాంటాక్ట్స్‌లో ముందు ‘ర’కి దూకి, అక్కడ ‘రవి’ని వెతకడం లాంటిదే. లిస్టంతా చూడక్కర్లేదు, అందుకే స్పీడ్.

1972 ఆగస్టు 15న మొదలైన పిన్ కోడ్ కూడా ఇలాంటిదే. కాకపోతే అది పోస్టాఫీసు దగ్గరే ఆగిపోతుంది.

డిజీపిన్ ఎలా పనిచేస్తుంది?

ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల ఎన్‌ఆర్‌ఎస్‌సీతో కలిసి తపాలా శాఖ తయారుచేసిన డిజీపిన్ 2025 మే 27న లాంచ్ అయింది. ఇది దేశం మ్యాప్‌ని 16 గళ్లుగా, ఒక్కో గడిని మళ్లీ 16గా, ఇలా పదిసార్లు విడగొడుతుంది. ఒక్కో మెట్టుకి ఒక్కో క్యారెక్టర్. ఆరో క్యారెక్టర్‌కి గడి సుమారు కిలోమీటరు, పదో దానికి దాదాపు 4 మీటర్లు.

చార్మినార్, మక్కా మసీదు రెండింటి కోడ్ 422-537 తోనే మొదలవుతుంది. మొదటి ఆరు చూస్తేనే పక్కపక్కనే ఉన్నాయని ఫోన్‌కి అర్థమైపోతుంది. లొకేషన్ తెలిస్తే చాలు, మిగతాదంతా లెక్కే కాబట్టి నెట్ లేకున్నా కోడ్ తీయొచ్చు.

చిక్కు ఎక్కడ?

చార్మినార్‌కి తూర్పున 200 మీటర్లు వెళ్తే చాలు, కోడ్ 422-52 అయిపోతుంది. గడి గీత అక్కడ పడింది మరి! నాలుగు అడుగులు నడిచినా ఐదో క్యారెక్టర్ మారిపోవచ్చు. అందుకే ‘దగ్గర్లోని షాపులు’ చూపించే యాప్ రాసేవాళ్లు చుట్టూ ఉన్న 8 గళ్లను కూడా వెతకాలి. ఇంకోటి, ఇందులో ఎత్తు లెక్క లేదు. ఒకే మెట్ల మీదున్న మూడు పోర్షన్లకీ ఒకే కోడ్.

మా మాట

డెలివరీకి పది క్యారెక్టర్లూ ఇచ్చి, కింద ఫ్లోర్ నంబర్ రాయండి. తెలియని వాళ్లకి ఏరియా చెప్పాలంటే మొదటి ఆరు చాలు. ఇల్లు కనిపించదు, ఏరియా తెలుస్తుంది. ఇండెక్స్‌ని విడగొట్టడంలో ఉన్న అసలు లాభం ఇదే: ఎంత చెప్పాలో మన చేతిలో ఉంటుంది.