ఎండ్రిన్ పోయింది... ఎక్కడికి?

గౌతమి పక్కనున్న ఆలమూరు మండలంలో అరవై దాటిన ఏ రైతు దగ్గరైనా 'ఎండ్రిన్' అని చూడండి. అర్థం చెప్పక్కర్లేదు. పల్లెల్లో పురుగులకన్నా మనుషుల ప్రాణాలే ఎక్కువ తీసిందని పేరుబడ్డ మందు. దానితోపాటు గోడల మీద కొట్టే డీడీటీ, చేత్తోనే చల్లేసే గమాక్సిన్ పొడి. ఒక తరానికి ఇవి పప్పూ ఉప్పూ అంత పరిచయం.

ఇప్పుడు పురుగుమందుల కొట్లో అడిగితే ఒక్కటీ దొరకదు. పంటల మీద డీడీటీ వాడకం 1989లో ఆగింది. ఎండ్రిన్‌ని 1990లో, గమాక్సిన్‌గా తెలిసిన బీహెచ్‌సీని 1997లో నిషేధించారు. కేరళలోని కాసరగోడ్ జీడితోటల పక్క ఊళ్లు పడ్డ యాతన చూశాక 2011లో ఎండోసల్ఫాన్‌ని సుప్రీంకోర్టు ఆపేసింది.

మరి అంతకుముందు చల్లిందంతా ఏమైనట్టు?

చాలావరకు ఎక్కడికీ పోలేదు. క్లోరిన్‌ని బిగించి తయారుచేసిన ఈ మందుల్ని మట్టిలోని సూక్ష్మజీవులు ఓ పట్టాన విరగ్గొట్టలేవు. ఎండ్రిన్ పద్నాలుగేళ్లు దాటినా మట్టిలో ఉండగలదు. డీడీటీ విరిగితే డీడీఈ అవుతుంది, అది మరీ మొండిది. పైగా ఇవి నీళ్లలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. అసలు చిక్కంతా అక్కడే! గేదె తిన్న గడ్డిలో ఉన్నది పేడలో పూర్తిగా పోదు. ఒంట్లోని కొవ్వుకి, అక్కణ్నుంచి పాలలోని వెన్నకి చేరుతుంది. భారత వైద్య పరిశోధన మండలి 1993లో వెల్లడించిన అధ్యయనంలో 12 రాష్ట్రాల నుంచి తెచ్చిన 2,205 ఆవుపాల, గేదెపాల నమూనాలు పరీక్షిస్తే సుమారు 82 శాతంలో డీడీటీ కనిపించింది. 37 శాతంలో పరిమితికి మించి ఉంది. పాలు మరిగిస్తే పోయేది కాదది.

డెల్టాలో ఇంకో సంగతి. ధవళేశ్వరం దగ్గర కాలవల్లోకి మళ్లిన నీరు చేలు తడిపి, మురుగు కాలవల్లో పడి సముద్రానికి పోతుంది. దారిలో నాచు, నాచు తినే చిన్నచేప, దాన్ని మింగే పెద్దచేప, దాన్ని పట్టే పక్షి... మెట్టు మెట్టుకీ విషం చిక్కనవుతుంది. డీడీఈ వల్ల గుడ్ల పెంకు పలచబడి, పొదిగే తల్లి బరువుకే చితికిపోవడం అమెరికాలో గద్దల్లో చూశారు. ఆఖరి మెట్టు మీద ఉన్నది మనిషి, ఇంకా చెప్పాలంటే తల్లిపాలు తాగే పసిబిడ్డ. అలాగని తల్లిపాలు మాన్పించకూడదు. వాటిని మించిన ఆహారం బిడ్డకి లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ఇలాంటి పన్నెండింటిని కట్టడి చేయడానికి 2001లో స్టాక్‌హోంలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 2006లో మన దేశమూ ఆమోదించింది. ఇప్పుడా జాబితా ముప్పై దాటింది. అంటుకోని పెనాల తయారీలో వాడిన పీఎఫ్‌ఓఏ 2019లో చేరింది.

జాబితాలో డయాక్సిన్లూ ఉన్నాయి. వాటిని ఎవరూ కొనరు, అమ్మరు. రాగితీగ కోసం పాత కరెంటు వైర్లు తగలబెట్టినప్పుడు, చెత్తలో పీవీసీ ముక్కలు కాల్చినప్పుడు పుడతాయి. ఆ పొగ చల్లారి గట్టు మీది గడ్డిపై వాలుతుంది. సాయంత్రం పాలిచ్చే గేదె మేసేది ఆ గడ్డే.