మాటలాడని బొమ్మలు

వార్తాపత్రికను చేతికి తీసికొన్న పాఠకుని చూపు తొలుత అక్షరములపై నిలువదు; బొమ్మపై నిలుచును. పుట నిండిన సంపాదకీయము చెప్పజాలని విషయమును ఒక్కొక్కప్పుడు నాలుగు గీతలు చెప్పగలవు. కనుకనే పత్రికా చిత్రకారుని ప్రజలు ప్రేమింతురు, నిరంకుశులు ద్వేషింతురు. ఇందులకు జర్మనీ దేశపు చిత్రకారుడైన ఎరిక్ ఓజర్ జీవితమే నిదర్శనము.

ఓజర్ 1903వ సంవత్సరము మార్చి 18వ తేదీన, జర్మనీలోని ఫోక్ట్‌లాండ్ సీమలో ఒక చిన్న గ్రామమున జన్మించెను. తండ్రి సుంకపు శాఖలో ఉద్యోగి. ఓజర్ బాల్యమునందే ఆ కుటుంబము లేసు అల్లికకు పేరొందిన ప్లావెన్ పట్టణమునకు చేరెను. కుమారుడు స్థిరమైన చేతిపని యొకటి నేర్వవలెనని తల్లిదండ్రుల కోరిక. ఆ కోరిక ననుసరించి ఓజర్ తాళములు చేయు పని నేర్చెను. కాని ఆతని మనస్సు ఇనుముపై లేదు, కాగితముపై నుండెను. పని నేర్చుట ముగిసిన పిమ్మట ఆయన లైప్‌జిగ్ నగరమునకు పోయి, అచటి చిత్రకళా విద్యాలయమున చేరెను.

ఆ దినములలో ఆయనకు ఇద్దరు ప్రాణమిత్రులు లభించిరి. ఒకరు రచయిత ఎరిక్ కెస్ట్‌నర్; మరియొకరు పత్రికా సంపాదకుడు ఎరిక్ క్నౌఫ్. ముగ్గురి పేరును ఎరిక్ అగుట వింత. కెస్ట్‌నర్ వ్రాసిన కవితలకు ఓజర్ బొమ్మలు గీసెను. క్నౌఫ్ తన పత్రికలో వారిద్దరికిని చోటిచ్చెను. కొంతకాలమునకు మువ్వురును బెర్లిన్ మహానగరము చేరిరి.

పత్రికకు బొమ్మ గీయుట గోడకు వ్రేలాడదీయు చిత్రము వంటిది కాదు. ఆ కాలమున చిత్రకారుడు సిరాతో గీసిన బొమ్మను ఛాయాచిత్రముగా తీసి, జింకు రేకుపై బ్లాకు చేసి, చవుక కాగితముపై వేగముగా అచ్చొత్తుచుండిరి. సన్నని నీడలు అచ్చులో చెదరిపోవును. స్పష్టమైన నల్లని గీత మాత్రమే నిలుచును. అందుచేత ఎన్ని గీతలు గీయవలెనో తెలియుటకంటె, ఏ గీతలను విడువవలెనో తెలియుటయే ఆ కళలో ముఖ్యము. ఓజర్ ఈ విద్యలో ఆరితేరినవాడు. సోషల్ డెమోక్రటిక్ పక్షమువారి పత్రికలో ఆయన హిట్లరును, ఆతని అనుచరుడైన గోబెల్సును పరిహసించుచు బొమ్మలు వేసెను.

1933 జనవరిలో హిట్లరు అధికారమునకు వచ్చెను. ఆ సంవత్సరము మే 10వ తేదీన బెర్లిన్ నగరమున పుస్తకములను కుప్పపోసి తగులబెట్టిరి. అందు కెస్ట్‌నర్ గ్రంథములును ఉండెను. పత్రికలలో పనిచేయువారు ప్రభుత్వము నెలకొల్పిన సంఘమున సభ్యులై యుండవలెనని నిర్బంధము వచ్చెను. పూర్వము గీసిన బొమ్మల కారణముగా ఓజరునకు ఆ సభ్యత్వము లభింపలేదు. ఇంటిలో భార్యయు, పసివాడైన కుమారుడును కలరు. చేతిలో విద్య యున్నను దానితో కూడు సంపాదించు మార్గము మూసికొనిపోయెను.

అట్టి సమయమున బెర్లిన్‌లోని ఒక ప్రసిద్ధ సచిత్ర వారపత్రిక హాస్యచిత్రమాలిక కొరకు వెదకుచుండెను. ఓజర్ గీసి పంపిన నమూనాలు దాని నిర్వాహకులకు నచ్చెను. రాజకీయములు గీయరాదనియు, సొంత పేరు వాడరాదనియు నిబంధన. ఆయన తన పేరులోని రెండు పొడి అక్షరములకు తన ఊరి పేరు చేర్చి, 'ఇ. ఓ. ప్లావెన్' అను మారుపేరు పెట్టుకొనెను. 1934 డిసెంబరులో 'తండ్రి – కొడుకు' అను చిత్రమాలిక ఇట్లు ప్రారంభమయ్యెను.

బట్టతలయు, గుబురు మీసములును గల స్థూలకాయుడు తండ్రి. నిక్కబొడుచుకొన్న జుట్టు గల అల్లరివాడు కొడుకు. బొమ్మలలో సంభాషణ లేదు. ఒక కథలో భోజనవేళ అయినను కొడుకు రాడు. తండ్రి వెదకబోగా వాడు నేలపై బోరగిల పరుండి పుస్తకము చదువుచుండును. తండ్రి వానిని భోజనమునకు పంపును. ఈ మారు తండ్రియే రాడు! కొడుకు పోయి చూడగా, ఆ పుస్తకమునే ముందిడుకొని తండ్రి అట్లే బోరగిల పరుండి యుండును. చిత్రకారుడు ఇంతకుమించి చెప్పడు; తక్కినది పాఠకుడే ఊహించి నవ్వుకొనును. 'మనుష్యులు ఆజ్ఞలకు లోబడి కవాతు చేయవలెను' అని ప్రభుత్వము బోధించుచున్న కాలమున, ఈ తండ్రి కొడుకుతో కలిసి ఆడెను, అల్లరి చేసెను.

ఈ మాలిక దేశమంతట ప్రీతిపాత్రమయ్యెను. ఆ ప్రీతిని చూచి ప్రభుత్వము కూడ తన ప్రచారమునకు ఆ బొమ్మలను వాడుకొనెను. 1937 డిసెంబరులో ఓజర్ దీనిని ముగించెను. చివరి చిత్రమున తండ్రీకొడుకులు నడచుచు నడచుచు ఆకాశమున కెక్కి, ఒకరు చంద్రుడై, ఒకరు నక్షత్రమై నిలిచిరి.

1940 నుండి ఓజర్ గోబెల్సు నెలకొల్పిన వారపత్రికకే శత్రుదేశముల నాయకులను పరిహసించు బొమ్మలు వేసెను. ఏ ప్రభుత్వమును తాను ద్వేషించెనో ఆ ప్రభుత్వమునకే ఆయన కలము పనిచేసెను. ఈ సంగతిని దాచుట సత్యము కాదు. కాని మిత్రులతో మాటలాడునపుడు ఆయన తన అభిప్రాయమును దాచలేదు. ఆయనకు చెవుడు, అందుచేత బిగ్గరగా మాటలాడుచుండెడివాడు. బాంబుల దాడిలో ఇల్లు కోల్పోయి, భార్యాపుత్రులను దూరప్రాంతమునకు పంపి, ఆయన క్నౌఫ్‌తో కలిసి నగరపు అంచున నివసించుచుండెను. పొరుగువాడొకడు మిత్రుల మాటలను విని, వ్రాసికొని, అధికారుల కందజేసెను.

1944 మార్చి 28న ఇద్దరిని నిర్బంధించిరి. ఏప్రిల్ 6న విచారణ. దాని ముందటి రాత్రి ఓజర్ చెరసాలలో బలవన్మరణము నొందెను. నేరమంతయు తనదే యనియు, మిత్రుడు నిర్దోషి యనియు లేఖ వ్రాసి యుంచెను. ఆ లేఖ క్నౌఫ్‌ను రక్షింపలేదు. మే 2వ తేదీన ఆయనకు మరణదండన అమలు జరిపిరి.

సంవత్సరము తిరిగి కొద్దిదినములు గడచునప్పటికి ఆ ప్రభుత్వమే కూలిపోయెను. ఆ రెండు బొమ్మలు మాత్రము నిలిచినవి. ప్లావెన్ పట్టణమున నేడు ఓజర్ చిత్రములను భద్రపరచు ప్రదర్శనశాల కలదు. మాటలు లేనందున ఆ బొమ్మలకు అనువాదము అక్కరలేదు. వానిని చూచి ఏ దేశపు బాలుడైనను నవ్వగలడు.