‘షీ షియాంగ్ జీ’ నాటకమున ప్రణయనివేదనము : అనువాద సమస్యలు

నాటకములందలి ప్రణయనివేదన ఘట్టము అనువాదకునకుఁ గొఱుకుడుపడని వానిలో నొకటి. యుద్ధవర్ణనమునందో, రాజసభావర్ణనమునందో ఒక మాట యటు నిటైనను కథ నడచిపోవును. వలపు తెలుపు వాక్యమున నట్లు చెల్లదు. ఎవరు ఎవరిని ఏమని పిలిచిరి, ఎంత చెప్పిరి, ఎంత దాఁచిరి అను వానిపైననే ఆ ఘట్టమంతయు నాధారపడియుండును. చీనా నాటకములు మనకు నేరుగ వచ్చుట యరుదు. అవి సాధారణముగా ఆంగ్లము మీఁదుగ వచ్చుచున్నవి. చీనా వాక్యమును ఆంగ్లమున వ్రాయునపుడు కొన్ని నిర్ణయములు తప్పనిసరి యగును. అవి తెలుఁగునకుఁ దప్పనిసరి కావు. అయినను ఆంగ్లప్రతిని ముందిడుకొని వ్రాయు తెలుఁగు అనువాదకుఁడు వానిని తన భాషకుఁ గూడ విధులుగా స్వీకరించును. తన భాషలో సిద్ధముగా నున్న సాధనములను తానే వదలుకొనును. ఈ వ్యాసమున మేము ప్రతిపాదింపఁదలఁచిన విషయమిదియే. దీనికి నిదర్శనముగా చీనా ప్రణయనాటకములలో మిక్కిలి ప్రసిద్ధమైన ‘షీ షియాంగ్ జీ’ని గ్రహించితిమి.

ఈ నాటకమును యువాన్ వంశపు కాలమున, ఇంచుమించు 1300 ప్రాంతమున, వాంగ్ షిఫు రచించెను. కథకు మూలము తాంగ్ యుగపు కవి యువాన్ జెన్ (779–831) వ్రాసిన చిన్న కథ. అందు నాయకుఁడు నాయికను విడిచిపోవును. 1200 ప్రాంతమున దొంగ్ అను కవి దానిని గేయకథగా విస్తరించి సుఖాంతము గావించెను. వాంగ్ షిఫు ఆ మార్గమునే యనుసరించెను. నేఁడు లభించు సంపూర్ణప్రతులలో ప్రాచీనమైనది 1498లో ముద్రింపఁబడినది. ఆంగ్లమున 1935లో షియుంగ్ చేసిన అనువాదమును, 1991లో వెస్ట్, ఐడెమా అను నిద్దఱు పండితులు 1498 నాఁటి ప్రతి ననుసరించి చేసిన అనువాదమును వెలువడినవి.

సమస్య నాటకము పేరు మొదలుకొనియే కలదు. ‘షీ’ యనఁగా పడమర. ‘షియాంగ్’ అనునది నడిమి ముంగిలికి ఒక ప్రక్కగా నుండు కట్టడము. ‘జీ’ యనఁగా వృత్తాంతము. ఆంగ్లమున ఒకరు దీనిని ‘గది’ యనిరి. మఱికొందఱు భవనపు ‘ప్రక్కభాగ’ మనిరి. వీనిలో దేనిని బట్టి వ్రాసినను తెలుఁగున ‘పడమటి గది’ వంటి పొడిమాట యేర్పడును. మన పాత యిండ్లలో ‘పడమటిల్లు’ అను మాట కలదు. చీనా కట్టడముతో అది సర్వవిధముల సమానము కాకున్నను, ఇంటిలోని యొక దిక్కు పేరుతోనే యొక భాగమును గుర్తించు అలవాటు రెండు చోట్ల నొక్కటియే.

కథను సంగ్రహముగాఁ జెప్పుదుము. జాంగ్ అను విద్వద్యువకుఁడు పరీక్షకై రాజధానికిఁ బోవుచు పుజియు అను బౌద్ధారామమునకు వచ్చును. మృతుఁడైన యొక మంత్రి భార్య తన భర్త శవపేటికతోఁ గూడ అక్కడనే దిగియుండును. ఆమె కూఁతురు యింగ్‌యింగ్. దాసి హొంగ్‌నియాంగ్. ఈ దాసి పేరు నేఁడు చీనా భాషలో పెండ్లి కుదుర్చువారికి సామాన్యనామమైనది.

జాంగ్ చేయు మొదటి నివేదనము నాయికకుఁ గాక దాసికి. అతఁడామెను త్రోవలో నిలిపి, తన యింటిపేరు, పేరు, స్వస్థలము, 23 ఏండ్ల వయస్సు, పుట్టిన మాసము, దినము, సమయము వరుసగాఁ జెప్పి, తన కింకను వివాహము కాలేదని ముగించును. వలపన్న మాట యొక్కటియు లేదు. దాసి యతనిని గట్టిగా మందలించును. ఇందు హాస్యము మూలముననే కలదు. కాని ప్రేక్షకు లేల నవ్వుదురో తెలియవలెను. చీనాదేశమున వివాహనిశ్చయమునకు ముందు వధూవరుల ‘ఎనిమిదక్షరములు’ మార్చుకొనుట ఆచారము. సంవత్సరమునకు రెండు, మాసమునకు రెండు, దినమునకు రెండు, సమయమునకు రెండు అక్షరములు. వయస్సును బట్టి సంవత్సరము తెలియును; తక్కిన మూఁడును జాంగ్ నోటనే వచ్చినవి. అనఁగా పెద్దలు లేక, మధ్యవర్తి లేక, ఎవరును అడుగకయే అతఁడు త్రోవలో నిలిచి జాతకము చేతఁ బెట్టుచున్నాఁడు. ఈ యాచారము లేని దేశపు పాఠకునకు అది కేవలము తొట్రుపాటుమాటల పట్టిక. తెలుఁగు ప్రేక్షకునకో, వ్యాఖ్య యక్కఱలేదు. ‘అర్ధరాత్రి పుట్టితిని’ అని వ్రాసినచో అర్థము చెడదు గాని పెండ్లిమాట పోవును. ‘జన్మసమయము’ అను మాట పడినచో ఆ పలుకులన్నియు వివాహప్రస్తావముగా మాఱును.

ఇఁక రెండవ భాగములోని విందు ఘట్టము. సున్ ఫేహు అను దొంగలనాయకుఁడు యింగ్‌యింగ్ కొఱకు ఆరామమును ముట్టడింపఁగా, వానిని తఱిమినవారికిఁ గూఁతు నిత్తునని తల్లి మాట యిచ్చును. జాంగ్ తన మిత్రుఁడైన సేనానికి లేఖ వ్రాసి ఆపదను తొలఁగించును. పెండ్లిమాట కొఱకు ఎదురుచూచుచు అతఁడు విందునకు వచ్చును. అపుడు తల్లి కూఁతును బిలిచి అతనికి ‘గెగె’ యని, అనఁగా అన్న యని, నమస్కరింపుమనును. ఆ యొక్కమాట చెవిని బడఁగనే జాంగ్, యింగ్‌యింగ్, హొంగ్‌నియాంగ్ మువ్వురును వేర్వేఱుగాఁ గార్యము చెడినదని గ్రహింతురు. తల్లి మాట తప్పుచున్నానని యెక్కడను అనలేదు. వరుస కలిపినది, అంతియే.

ఆంగ్లమున ఈ మాట మర్యాదకొఱకుఁ బలికిన పిలుపువలెఁ దోఁచు ప్రమాదము కలదు. తెలుఁగున ‘అన్నయ్యకు నమస్కారము చేయుము’ అన్నంతనే తలుపు మూసికొనును. ఇంతవఱకు తెలుఁగునకు మేలే. కాని చీనా ‘గెగె’కు మఱియొక ముఖమున్నది. జానపద ప్రణయగేయములందును, వ్యవహారమునందును స్త్రీ తాను వలచినవానిని గూడ ఆ మాటతోఁ బిలుచును. తెలుఁగు ‘అన్న’కు ఆ శక్తి యెన్నఁడును లేదు, అట్టి చోట మనకు ‘బావ’ యే దిక్కు. కనుక తల్లినోట ‘అన్న’ యైన మాట ప్రియురాలి నోట ‘బావ’ కావలసివచ్చును. ఆంగ్లప్రతిలో ఉభయత్ర ఒకే మాట యుండినచో, దానిని మాత్రమే చూచు అనువాదకునకు ఈ భేదము కానరాదు. ప్రియురాలు ప్రియుని ‘అన్నా’ యని పిలిచెనా, తెలుఁగు పాఠకుఁడు ఆ పుట దాఁటఁడు.

ఇట్టిదే మఱియొక మాట కలదు. తల్లి మాట తప్పుటకుఁ జెప్పు కారణము, యింగ్‌యింగ్‌ను తండ్రి బ్రతికియుండఁగనే జెంగ్ హెంగ్‌కు నిశ్చయించె ననుట. ఈతఁడు తల్లి సోదరుని కుమారుఁడు. ఆంగ్లమున తండ్రివైపు, తల్లివైపు అన్నదమ్ముల పిల్లలందఱకు ఒకే పదము. చీనా భాషలో ఇంటిపేరు కలిసిన సంతానమునకు వేఱు, కలియని సంతానమునకు వేఱు పదములు. కలియనివారి నడుమ వివాహము సంప్రదాయమునఁ జెల్లినది. తెలుఁగున జెంగ్ హెంగ్ మేనబావ. ఈ మాట వాడినచో తల్లి సంకటము వట్టి దురాశగాఁ గనఁబడదు. పుట్టినింటికిచ్చిన మాటయు, ప్రాణదాతకిచ్చిన మాటయు ఆమెను రెండువైపుల లాగుచున్నవి. జాంగ్ వలపును వరుస గల మేనబావ హక్కునకు ఎదురు నిలుచుటచేత మఱింత బరువు నొందును.

అన్నింటికంటె చిక్కైనది మూఁడవ భాగములోని పద్యలేఖ. యింగ్‌యింగ్ నాలుగు పాదములు, 20 అక్షరములు గల చిన్న పద్యమును దాసిచేతఁ బంపును. ఆ పద్యము యువాన్ జెన్ కథనుండియే వచ్చినది. దాసి తాను తెచ్చినది చీవాట్ల లేఖ యనుకొనును. జాంగ్ చదివి పొంగిపోవును. పద్యములోని పొడుపు విప్పుటలో తాను నేర్పరినని చెప్పుకొని, ఒక్కొక్క పాదమునకు దాసికి అర్థము చెప్పును: చంద్రుని ప్రస్తావము వేళను, తలుపు ప్రస్తావము స్వాగతమును, పూలనీడల ప్రస్తావము గోడ దూఁకి రావలసిన మార్గమును దెలుపుచున్నవఁట. ఆ రాత్రి అతఁడు గోడ దూఁకును. యింగ్‌యింగ్ దాసి యెదుట అతనిని కఠినముగా నిందించును.

అనఁగా ఈ నాటకమునందే యొక వ్యాఖ్యాత యున్నాఁడు. అతని వ్యాఖ్యయు విఫలమగుచున్నది. జాంగ్ తప్పుగా గ్రహించెనా, లేక నాయిక పిలిచియు దాసి యెదుట బిడియపడి మాట మార్చెనా? రెండర్థములకును పద్యము చోటిచ్చుచున్నది. ఏలయన దానిలో ‘నేను’ లేదు, ‘నీవు’ లేదు, రమ్మను విధిక్రియ లేదు. చీనా క్రియకు పురుష, లింగ, వచన ప్రత్యయములు లేవు. ఆంగ్లవాక్యమునకుఁ గర్త కావలెను. ‘నేను’ అని యొకమాఱు ప్రవేశించినచో పద్యము స్పష్టమైన పిలుపగును. తరువాతి నింద స్పష్టమైన బొంకగును. నాయిక చపలచిత్తగానో కపటిగానో మిగులును. ఒక సర్వనామము చేర్చుటచేత ఆమె శీలమే మాఱుచున్నది.

తెలుఁగున సర్వనామమును వదలుట సులభమే. కాని క్రియ దానిని బయటపెట్టును. ‘వేచియున్నాను’ అన్నచో ‘నేను’ అననక్కఱలేదు. అయినను ‘వేచియుండుట’ వంటి భావార్థకములు, ‘తెఱచియున్న’ వంటి విశేషణములు మనకుఁ గలవు. వానికిఁ బురుషభేదము లేదు. పద్యాంతమున వలచినవారిని సూచించు ‘యూరెన్’ అను మాట వచ్చును. దీని యక్షరార్థము ‘పచ్చరాతి మనిషి’, అనఁగా ఆ రాతివలె చక్కని మనిషి. ఇది పురుషునకును జెల్లును, స్త్రీకిని జెల్లును. వ్యావహారికమున ‘వచ్చినాఁడు’ అనియో ‘వచ్చినది’ అనియో తేల్చిచెప్పక తప్పదు. గ్రాంథికమున ‘వచ్చెను’ అను రూపము ఉభయసాధారణము: అతఁడు వచ్చెను, ఆమె వచ్చెను. ‘మనిషి’ యను మాటయు నట్టిదే. మూలమునందలి మఱుఁగును ఈ రెండును జెడనీయవు. గ్రాంథికరూపము వట్టి యలంకారమని తలఁచువారు ఈ ప్రయోజనమును గమనింపవలెను.

తెలుఁగున మఱియొక ప్రమాదము కలదు. అది ఆంగ్లము వలనఁ గాక మన కావ్యపరిచయము వలననే కలుగును. చీనా కవులు విరివిగా వాడు ‘షియాంగ్ సి’ అను మాటకు వలచినవారిని తలఁచి తపించుట యని యర్థము. దీనిని అన్నిచోట్ల ‘విరహ’మని వ్రాయుట తగదు. ఈ నాటకమున నాలుగవ భాగము వఱకు నాయికానాయకులకు సమాగమము లేదు. మన ఆలంకారికులు విప్రలంభమున వేఱుగాఁ జెప్పిన ‘పూర్వరాగము’ ఆ దశకు సరిపడును. సమాగమానంతరము జాంగ్ రాజధానికి వెడలునపుడే విరహము. చెలికత్తెల మాటలు, శైత్యోపచారములు తెచ్చి పూయుటయు నిట్టి దోషమే. హొంగ్‌నియాంగ్ శకుంతల చెలులవంటిది కాదు. ఆమె యజమానురాలిని, అతిథిని, తుదకు పెద్దదొరసానిని గూడ ఎదుర్కొని మాటాడు దాసి.

ఈ సమస్యలు ప్రాచీననాటకముతో ముగియలేదు. నేఁటి చీనా ధారావాహిక నాటకములందు ప్రణయనివేదనము తఱచుగా రెండు క్రియల నడుమ ఊగుచుండును: ‘షీహువాన్’, ‘ఐ’. మొదటిది తేనీటికిని, పాటకును, మనిషికిని వర్తించును. రెండవది బరువైనది, తొందరపడి పలుకునది కాదు. పాత్ర మొదటిదానిని పలికినపుడు వెనుకకు మఱలుటకుఁ ద్రోవ యుండును. దానిని ఆంగ్లమున ‘ప్రేమ’గా వ్రాసినచో మాట బరువెక్కును, వట్టి ‘ఇష్ట’ముగా వ్రాసినచో ఆంగ్లపాఠకునకు అది నివేదనమనియే తోఁపకపోవచ్చును. తెలుఁగునకు ఈ యిరుకు లేదు. ‘నీవన్న నాకిష్టము’ అను వాక్యము తేనీటి విషయమునఁ జెల్లును, వలపు విషయమునను జెల్లును. పైఁగా అందుఁ గర్త ‘నేను’ కాదు. ఇష్టము నాకుఁ గలుగుచున్నది, నేను చేయుట లేదు. ‘నేను నిన్ను ప్రేమించుచున్నాను’ అను వాక్యము మీఁద ఆంగ్లపు నీడ కలదని మా యభిప్రాయము. ‘షీహువాన్’ పలికినచోట దానిని వాడినచో, తరువాత పాత్ర నిజముగా ‘ఐ’ పలుకునపుడు అనువాదకునకుఁ జెప్పుటకు మాట మిగులదు.

కావున ఆంగ్లము మీఁదుగ చీనా నాటకమును తెలిఁగించు పరిశోధకవిద్యార్థులు నివేదన ఘట్టమున మూఁడింటిని మూలముతోఁ బోల్చి చూచుట మేలు. ఆంగ్లప్రతిలోని ‘నేను’, ‘నీవు’, ‘అతఁడు’ మూలమున నున్నవా, చేర్పఁబడినవా? బంధువాచకము ఏ నోట, ఎవరినిగూర్చి పలుకఁబడినది? వలపుమాట మెట్లలో ఏ మెట్టుది? చీనా భాష రానివారు సయితము ఆ భాష నెఱిఁగినవారి సహాయముతో ఈ మూఁడు ప్రశ్నలకు సమాధానము పొందవచ్చును. సమాధానము దొరకిన పిదప తెలుఁగుమాట కొఱకు వెదకవలసిన యవసరము మాకుఁ గనఁబడినంతవఱకు తక్కువ. జన్మసమయము, అన్న, బావ, మేనబావ, ఇష్టము, వచ్చెను — ఇవి యన్నియు మన యింటిలోని మాటలే.